కరెంటు బిల్లు తగ్గించడం ఎలా: మీటరు దగ్గర మొదలుపెట్టి మేడ మీది దాకా

"లైట్లు, ఫ్యాన్లు ఎప్పటికప్పుడు ఆపేస్తున్నాం, చార్జర్లు కూడా పీకేస్తున్నాం, అయినా బిల్లు కదలడం లేదు." చాలామంది అడుగుతున్న ప్రశ్న ఇదే. ఫోన్‌ని రోజూ నిండా చార్జ్ చేసినా నెల మొత్తానికి ఒక యూనిట్ కాదు. 25 లీటర్ల గీజరు ఒక్కసారి నిండా వేడెక్కితే ఆ యూనిట్ అయిపోతుంది. శ్రద్ధ అంతా చిన్నవాటి మీద పెడితే పెద్దవి వాటి పని అవి చేసుకుపోతాయి.

కాబట్టి వరుస ఇలా ఉండాలి. ముందు కొలవాలి. తర్వాత వేడి చేసేవి, చల్లబరిచేవి చూడాలి. ఆ తర్వాత గంటల తరబడి తిరిగేవి. కొత్త సామాను కొనడం అన్నిటికన్నా చివర.

## 1. మొదలుపెట్టే ముందు

ఒక ఆదివారం ఉదయం రెండు గంటలు కేటాయించండి. ఇవి దగ్గర పెట్టుకోండి:

- గత 12 నెలల బిల్లులు. కాగితాలు లేకపోతే మీ డిస్కం యాప్‌లో సర్వీస్ నంబరు కొట్టి చూడొచ్చు
- ఒక నోటుపుస్తకం, పెన్ను
- సెకన్లు చూపించే ఫోన్
- ఇంట్లో ఇంకో మనిషి. అపార్ట్‌మెంట్ అయితే ఇది తప్పనిసరి, ఎందుకంటే మీటర్లు కింద సెల్లార్‌లో ఉంటాయి. ఒకరు మీటరు దగ్గర, ఒకరు పైన, మధ్యలో ఫోన్

అపార్ట్‌మెంట్ వాళ్లు ముందు ఏ మీటరు మీదో ఖాయం చేసుకోండి. పెన్నుతో రాసిన ఫ్లాట్ నంబర్లను నమ్మొద్దు, అవి తారుమారై ఉండొచ్చు. బిల్లు మీది సర్వీస్ నంబరు, మీటరు నంబరు రెండూ సరిపోవాలి. ఆ తర్వాత మీ ఇంట్లో మెయిన్ ఒక నిమిషం ఆపి, ఆ మీటరు లైటు కొట్టుకోవడం ఆగిందో లేదో చూడండి.

## 2. బిల్లులో చూడాల్సింది డబ్బు కాదు

మూడు అంకెలు రాసుకోండి: వాడిన యూనిట్లు, రెండు రీడింగుల మధ్య రోజులు, ఎం.డి. అని ఉండే గరిష్ఠ లోడు.

యూనిట్లను రోజులతో భాగించండి. వచ్చేదే మీ రోజువారీ సగటు, ఇకనుంచి పోల్చుకోవాల్సింది దాన్నే. ఒక నెల 28 రోజులకు, ఇంకో నెల 33 రోజులకు రీడింగ్ తీస్తే మొత్తం యూనిట్లు చూసి ఏదీ తేల్చలేం. పోల్చేటప్పుడు పోయిన నెలతో కాదు, పోయిన ఏడాది ఇదే నెలతో పోల్చండి. ఏప్రిల్‌ను ఫిబ్రవరితో పోలిస్తే టెన్షన్ తప్ప ఇంకేమీ మిగలదు.

తర్వాత స్లాబ్. ఇక్కడ తెలంగాణకు, ఆంధ్రకు లెక్క వేరు.

తెలంగాణలో 2022 ఏప్రిల్ నుంచి వచ్చిన గృహ వినియోగ రేట్ల ప్రకారం 101 నుంచి 200 యూనిట్ల దాకా వాడేవాళ్లకు మొదటి వందకు యూనిట్ 3.40, రెండో వందకు 4.80. 200 యూనిట్లకు మొత్తం 820 రూపాయలు. అదే 201వ యూనిట్ పడితే మొదటి 200 యూనిట్లకూ రేటు 5.10 అవుతుంది, ఆపైన ఒక్క యూనిట్‌కు 7.70. మొత్తం 1027 రూపాయల 70 పైసలు. అంటే ఆ ఒక్క యూనిట్ ఖరీదు 207 రూపాయల పైమాటే. 100 దగ్గరా ఇలాంటి గీతే ఉంది, అది దాటనివాళ్లకు రేట్లు ఇంకా తక్కువ: 100 యూనిట్లకు 252.50, 101 యూనిట్లకు 344.80. గృహజ్యోతి కింద జీరో బిల్లు వచ్చేవాళ్లకు 200 గీత ఇంకా ముఖ్యం. అది దాటితే ఆ నెల బిల్లు మొత్తం కట్టాల్సిందే.

ఆంధ్రప్రదేశ్‌లో 2022లో స్లాబులన్నీ ఒకే వరుసలోకి వచ్చాయి: 30 దాకా 1.90, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6 రూపాయలు, 400 దాకా 8.75, ఆపైన 9.75. గీత దాటితే వెనకటి యూనిట్ల రేటు మారదు. కానీ మీరు 300 యూనిట్లు వాడుతుంటే, తగ్గించే ప్రతి యూనిట్ 8.75 రేటులోంచే తగ్గుతుంది. సగటు రేటుతో లెక్క వేసి "ఏముందిలే, ఐదు రూపాయలే కదా" అనుకోవద్దు.

ఫిక్స్‌డ్ చార్జీలు, సుంకం, ఇంధన సర్దుబాటు వీటికి అదనం. రేట్లు మారుతుంటాయి కాబట్టి మీ తాజా బిల్లు మీద ఏ స్లాబుకు ఎంత వేశారో అదే ప్రమాణం.

తెలంగాణ వాళ్లు రీడింగ్ తీసిన రోజు నుంచి 20వ రోజున మీటరు ఒకసారి చూసుకోండి. అప్పటికి 135 యూనిట్లు దాటి ఉంటే ఈ నడకన నెలకు 200 దాటుతారు. మిగిలిన 10 రోజులు ఏం చేయాలో కింద ఉంది.

## 3. మీటరు లైటుతో ఏది ఎంత తింటోందో కొలవడం

ఇందుకు ఏ పరికరమూ కొనక్కర్లేదు. ఎలక్ట్రానిక్ మీటరు మీద ఎర్రగా కొట్టుకునే చిన్న లైటు ఉంటుంది. మీటరు ముఖం మీద ఇంగ్లిష్‌లో "ఇంప్" అన్న అక్షరాల పక్కన 3200 లేదా 1600 లాంటి అంకె ఉంటుంది. లైటు అన్నిసార్లు కొట్టుకుంటే ఒక యూనిట్ అయినట్టు.

60,000ను ఆ అంకెతో భాగించండి. 3200 అయితే 18.75 వస్తుంది, 1600 అయితే 37.5. లైటు నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుందో దాన్ని దీంతో గుణిస్తే ఆ క్షణాన నడుస్తున్న వాట్లు వచ్చేస్తాయి. 3200 మీటరు మీద పాత ఫ్యాన్ ఒక్కటే తిరుగుతుంటే నిమిషానికి 4 సార్లు. గీజరు వేస్తే నూరు దాటుతుంది, లెక్కపెట్టలేరు. అప్పుడు ఫోన్‌లో వీడియో తీసి నెమ్మదిగా తిప్పి లెక్కపెట్టండి.

కొలిచే వరుస:

1. ఇంట్లో అన్నీ ఆపేయండి. ఫ్రిజ్, ఇన్వర్టర్, వైఫై కూడా. మెయిన్ మాత్రం ఆన్‌లో ఉండాలి.
2. ఐదు నిమిషాలు లైటు చూడండి. ఒక్కసారి కూడా కొట్టుకోకపోతే మంచిది. కొట్టుకుంటుంటే నేరుగా కింద "అన్నీ ఆపినా మీటరు తిరుగుతుంటే" అన్న 4వ భాగానికి వెళ్లండి.
3. ఒక్కో వస్తువూ ఆన్ చేసి, రెండు నిమిషాలు లెక్కపెట్టి సగం చేసి రాసుకోండి. ఒకటి కొలిచాక దాన్ని ఆపేసి ఇంకొకటి.
4. ఫ్రిజ్, ఏసీ లాంటివి ఆగుతూ నడుస్తాయి కాబట్టి వాటిని నిమిషాల్లో కొలిస్తే తప్పు వస్తుంది. ఏసీకి రాత్రి వేసేముందు ఒక రీడింగ్, పొద్దున ఆపేటప్పుడు ఒక రీడింగ్ తీసి, ఆ మధ్యలో తిరిగిన ఫ్యాన్లు, ఫ్రిజ్ యూనిట్లు తీసేయండి. ఫ్రిజ్‌కి లేబుల్ మీది ఏడాది యూనిట్లను 12తో భాగించి, పాతదైతే కొంచెం ఎక్కువే వేసుకోండి.
5. ప్రతిదాని పక్కనా వాట్లు, రోజుకు గంటలు రాసి, రెండూ గుణించి, 30తో గుణించి, 1000తో భాగించండి. అదే నెల యూనిట్లు.

ఎక్కువ తినేది పైన వచ్చేలా జాబితా తిరగరాయండి. మొదటి నాలుగు వస్తువుల కింద గీత గీయండి. ఈ నెల పని ఆ గీత పైనే.

అపార్ట్‌మెంట్‌లో ఉండే నలుగురి కుటుంబానికి జాబితా వేస్తే ఎండాకాలంలో ఏసీ, తర్వాత ఫ్యాన్లు, ఫ్రిజ్ వస్తాయి. చలికాలంలో ఏసీ పోయి గీజరు పైకి ఎక్కుతుంది. సొంత ఇల్లు, బోరు ఉంటే మోటారు కూడా పై నాలుగులోకి వస్తుంది. ఫ్యాన్లు ఇంత పైకి రావడం చూసి ఆశ్చర్యపోతారు. 75 వాట్ల ఫ్యాన్లు నాలుగు, రోజుకు సగటున 12 గంటలు తిరిగితే నెలకు 108 యూనిట్లు.

## 4. అన్నీ ఆపినా మీటరు తిరుగుతుంటే

మూడు కారణాలు ఉండొచ్చు.

ఏదో ఒకటి ఆన్‌లో మర్చిపోయి ఉంటారు. అటక మీది బూస్టర్, గేటు దగ్గరి లైటు, కాలింగ్ బెల్ ట్రాన్స్‌ఫార్మర్, నీళ్ల ఫిల్టర్. ఎంసీబీలు (బోర్డులో ఒక్కో లైన్‌కూ ఉండే స్విచ్‌లు) ఒక్కొక్కటీ దించుతూ పోతే ఏ లైన్‌దో తెలుస్తుంది.

రెండోది ఎర్త్ లీకేజీ. కొన్ని మీటర్ల మీద "ఇ.ఎల్." అని రాసి ఉన్న ఇంకో లైటు ఉంటుంది. అది వెలుగుతుంటే కరెంటు వెళ్లిన దారిలో తిరిగి రావడం లేదని అర్థం. న్యూట్రల్ ఎక్కడో పక్కింటి లైన్‌తో కలిసి ఉండొచ్చు, తడి గోడలో వైరు దెబ్బతిని ఉండొచ్చు, గీజరు కాయిల్ పోయి ఉండొచ్చు. ఇది బిల్లుతో ఆగే విషయం కాదు, షాక్ కొట్టే విషయం. మీరు తెరిచి చూడొద్దు, ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. వచ్చినప్పుడు ఆర్‌సీసీబీ (లీకేజీ ఉంటే వెంటనే కరెంటు ఆపేసే స్విచ్) ఉందో లేదో అడగండి, లేకపోతే పెట్టించండి.

మూడోది, మెయిన్ దించినా మీటరు కొట్టుకోవడం. అంటే మీటరుకూ మీ మెయిన్‌కూ మధ్య ఎవరిదో లోడు తగిలి ఉంది. కామన్ లైట్లో, వాచ్‌మన్ గదో, కింది షాపో. గొడవ పడేముందు ఎలక్ట్రీషియన్ ముందు ఇంకోసారి పరీక్షించి, వీడియో తీసి పెట్టుకోండి.

## 5. వేడి నీళ్లు

15 లీటర్ల గీజరులో 25 డిగ్రీల నీళ్లు 60 డిగ్రీలకు రావాలంటే 0.6 యూనిట్ పైచిలుకు కావాలి. 2000 వాట్ల గీజరుకు 20 నిమిషాల లోపు పని. అందులో చన్నీళ్లు కలుపుకుంటే రెండు బకెట్ల దాకా స్నానానికి సరిపడే వేడి వస్తుంది. షవర్ కింద పది నిమిషాలు నిలబడితే ఇంతకన్నా చాలా ఎక్కువ పోతుంది. బకెట్ స్నానం మనకు కొత్తగా నేర్పక్కర్లేదు కదా.

- అందరూ వరుసగా, మధ్యలో ఖాళీ లేకుండా స్నానాలు ముగించండి. మొదటివాళ్లకు 20 నిమిషాల ముందు వేసి, చివరివాళ్లు బాత్రూంలోకి వెళ్లేముందు ఆపేయండి. ట్యాంకులో ఉన్న వేడి వాళ్లకు సరిపోతుంది.
- థర్మోస్టాట్ తిప్పే వీలుంటే 50, 55 మధ్య పెట్టండి. 70 దగ్గర పెట్టి, తర్వాత చన్నీళ్లు గుమ్మరించుకోవడం దండగ.
- బోరు నీళ్లయితే కాయిల్ మీద సున్నపు పొర కడుతుంది. అప్పుడు వేడెక్కడానికి ఎక్కువసేపు పడుతుంది. ఏడాదికోసారి కాయిల్ శుభ్రం చేయించి, మెగ్నీషియం రాడ్ అరిగిపోతే మార్పించండి.
- మార్చి నుంచి జూన్ దాకా గీజరు స్విచ్ మీద టేపు అంటించేయండి. మధ్యాహ్నం మేడ మీది ట్యాంకు నీళ్లే చెయ్యి కాలుస్తాయి.

గీజరు మర్చిపోయేవాళ్ల ఇంట్లో ఎన్ని చెప్పినా లాభం లేదు, టైమర్ స్విచ్ పెట్టించండి. 16 ఆంపియర్లది తీసుకోవాలి, 6 ఆంపియర్లది కాలిపోతుంది.

కరెంటు మిగులుతుందని గ్యాస్ గీజరు పెట్టాలనుకుంటే దాన్ని మూసిన బాత్రూం లోపల పెట్టొద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, తెలిసేలోపు ప్రాణం పోతుంది. బయట, గాలి ఆడే చోట పెట్టి పైపు లోపలికి తెచ్చుకోవాలి.

## 6. ఏసీ, కూలర్

రిమోట్ నొక్కేముందు గది సంగతి చూడాలి. తలుపు కింద సందు, కిటికీ రెక్కల మధ్య సందు, ఎగ్జాస్ట్ ఫ్యాన్ కన్నం, ఏసీ పైపు గోడలోంచి వచ్చే కన్నం. అగరొత్తి వెలిగించి ఈ నాలుగు చోట్లా పట్టుకోండి. పొగ అటూ ఇటూ ఊగితే అక్కడ చల్లగాలి పోతోంది. రబ్బరు పట్టీ, పుట్టీ, ఇంతే ఖర్చు.

పడమటి కిటికీకి లోపలి కర్టెన్ కన్నా బయటి నీడ ఎక్కువ పనిచేస్తుంది. ఎండ అద్దం దాటి లోపలికి వచ్చాక కర్టెన్ ఆపేది తక్కువ. వెదురు తడిక, గ్రీన్ నెట్, షేడ్, ఏదైనా కిటికీ బయట ఉండాలి.

తర్వాత అవుట్‌డోర్ యూనిట్. ఫ్లాట్లలో దీన్ని యుటిలిటీలో పెట్టి, చుట్టూ గ్రిల్ వేసి, ముందు దండెం మీద బట్టలు ఆరేస్తుంటారు. అది వదిలిన వేడిగాలి బట్టలకు తగిలి వెనక్కి తిరిగి దాంట్లోకే పోతుంది. కంప్రెసర్ ఆగే అవకాశమే ఉండదు. దాని ముందు మూడు, నాలుగు అడుగులు ఖాళీ వదలండి. రెక్కలకు పట్టిన దుమ్మును కరెంటు ఆపి, సన్నటి ధారతో కడగండి. ప్రెషర్ పంపు వాడితే రెక్కలు వంగిపోతాయి.

ఇప్పుడు రిమోట్. స్టార్ లేబుల్ ఉన్న రూమ్ ఏసీలు 24 డిగ్రీల దగ్గర ఆన్ కావాలని 2020 జనవరి నుంచి నిబంధన. ఒక్కో డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు మిగులుతుందని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ లెక్క. 26 పెట్టి, ఫ్యాన్ నెమ్మదిగా తిప్పండి. మొదటి రాత్రే ఒకేసారి 22 నుంచి 26కి దూకితే ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు. మూడు రోజులకో డిగ్రీ చొప్పున పెంచండి.

తరచూ చేసే తప్పులు, వాటి సవరణ:

- 18 పెడితే తొందరగా చల్లబడుతుందనుకోవడం. మీకు కావాల్సిన 26కి గది చేరేసరికి తేడా ఉండేది బహు స్వల్పం. అక్కడ ఆగకుండా 18 దాకా పోవాలని యంత్రం రొప్పుతూనే ఉంటుంది. మీరు నిద్రపోతే తెల్లారిందాకా అంతే.
- ఫిల్టర్ సర్వీసింగ్ వాళ్లే కడగాలనుకోవడం. ముందు మూత ఎత్తితే జల్లెడలాంటి ఫిల్టర్ చేతికే వస్తుంది. ఎండాకాలం రెండు వారాలకోసారి పంపు కింద కడిగి, నీడలో ఆరబెట్టి పెట్టండి.
- సర్వీస్ అనగానే గ్యాస్ నింపించుకోవడం. గ్యాస్ అరిగిపోయేది కాదు. తగ్గిందంటే లీకైనట్టే. లీకు కట్టకుండా నింపితే ఆ డబ్బు గాల్లోకే.
- ఏసీని రిమోట్‌తో ఆపి స్టెబిలైజర్ వదిలేయడం. స్విచ్ దగ్గరే ఆపండి.

కోస్తాలో ఉక్కపోత రోజుల్లో, ముఖ్యంగా వానాకాలం మొదట్లో, డ్రై మోడ్ ప్రయత్నించండి. గాలిలో తేమ తగ్గితే 27 దగ్గర కూడా హాయిగా ఉంటుంది.

కూలర్ సంగతి ఊరిని బట్టి. నిజామాబాద్, కరీంనగర్, కర్నూలు, అనంతపురం వైపు పొడి ఎండలో 150 నుంచి 200 వాట్ల కూలర్ ఏసీకి దీటుగా పనిచేస్తుంది. కిటికీ బయట పెట్టి, ఎదురుగా ఇంకో కిటికీ తెరిచి ఉంచాలి. తలుపులన్నీ మూసి గదిలో పెట్టుకుంటే గంటలో జిడ్డు పట్టేస్తుంది. కాకినాడ, విశాఖ, నెల్లూరు వాళ్లు కూలర్ మీద డబ్బు పెట్టేముందు ఆలోచించుకోండి. తేమ గాలిని ఇంకా తడిపితే చల్లదనం రాదు.

## 7. ఫ్యాన్లు

నిజానికి కొత్తది కొనడం చివర అని చెప్పాను గానీ, ఫ్యాన్ ఒక్కదానికి మినహాయింపు ఇస్తాను. పాత ఫ్యాన్ 75 వాట్లు, బీఎల్‌డీసీ అనే కొత్త రకం మోటారు ఉన్న ఫ్యాన్ 30 వాట్ల చుట్టుపక్కల. రోజుకు 15 గంటలు తిరిగే ఫ్యాన్ మారిస్తే నెలకు 20 యూనిట్లు తగ్గుతాయి. 4.80 స్లాబులో అది నెలకు 96 రూపాయలు, 7.70 స్లాబులో 154. దాదాపు 3000 పెట్టి కొన్నా రెండు మూడేళ్లలో రాబట్టుకోవచ్చు. ఇన్వర్టర్ మీద బ్యాకప్ పెరగడం అదనపు లాభం.

అన్నీ ఒకేసారి మార్చొద్దు. జాబితాలో ఎక్కువ గంటలు తిరిగేదాన్ని మార్చండి. సాధారణంగా అది హాల్‌ది, తర్వాత పెద్దవాళ్ల గదిది. నెలకు పది రోజులు వాడే అతిథుల గదిలో పాతదే ఉండనివ్వండి.

బిగించేటప్పుడు గోడ మీది పాత రెగ్యులేటర్‌ను లైన్‌లోంచి తీసేయమని చెప్పండి. అది ఉండగా తిప్పితే బీఎల్‌డీసీ సర్క్యూట్ పోతుంది.

పాతవే వాడేవాళ్లు రెగ్యులేటర్ చూసుకోండి. పెద్ద డబ్బాలా ఉండి, తిరుగుతుంటే వేడెక్కేది పాత రకం. స్పీడు తగ్గించినా తగ్గాల్సిన కరెంటులో కొంత వేడి కిందే పోతుంది. ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ పెట్టించండి. నెమ్మదించిన ఫ్యాన్‌కు కండెన్సర్ మార్పిస్తే చాలు, నంబర్ ఐదు మీద తిప్పాల్సిన అవసరం పోతుంది. రెక్కల మీది దుమ్ము తుడిస్తే గాలి తేడా ఆ పూటే తెలుస్తుంది.

## 8. ఫ్రిజ్

పది నిమిషాల తనిఖీ:

- పది రూపాయల నోటు తలుపు మధ్య పెట్టి మూసి లాగండి. తేలిగ్గా జారి వస్తే అక్కడ రబ్బరు వదులైంది. చుట్టూ ఆరేడు చోట్ల చూడండి. ముందు సబ్బు నీళ్లతో తుడిచి మళ్లీ పరీక్షించండి, చాలాసార్లు పిండి మరకలే కారణం.
- వెనక గోడకు అర అడుగు దూరం ఉందా?
- పక్కలు తాకితే వేడిగా ఉన్నాయా? చాలా మోడళ్లలో వేడి పక్కల నుంచే పోతుంది. అల్లిక కవర్లు, ప్లాస్టిక్ తొడుగులు తీసేయండి, పక్కన బియ్యం డ్రమ్ము ఆనించి పెట్టొద్దు.
- ఫ్రీజర్‌లో మంచు పావు అంగుళం దాటిందా? దాటితే డీఫ్రాస్ట్ చేయండి. చాకుతో పొడవొద్దు, గ్యాస్ పైపు చిల్లు పడితే ఫ్రిజ్ ఖర్చే అవుతుంది.

పిండి గిన్నెలకు, పులుసులకు మూత పెట్టండి. మూత లేకపోతే ఆ తేమంతా మంచుగా మారుతుంది. వేడి వేడి సాంబారు నేరుగా లోపల పెట్టకండి, గది వేడికి దిగనిచ్చి పెట్టండి. కింద 4 డిగ్రీలు, ఫ్రీజర్ మైనస్ 18 చాలు.

## 9. మోటారు

ఒక హెచ్‌పీ మోటారు గంటకు సుమారు ఒక యూనిట్ తీసుకుంటుంది. ట్యాంకు నిండి పొర్లుతూ రోజూ పావుగంట అదనంగా నడిస్తే నెలకు ఏడు యూనిట్లకు పైనే, నీళ్లు వేరే లెక్క. ఫ్లోట్ స్విచ్ గానీ, ఆటోమేటిక్ కంట్రోలర్ గానీ పెట్టిస్తే ఈ బాధ పోతుంది.

మోటారు ముసలిదవుతోందా లేదా అన్నది ట్యాంకు నిండే సమయమే చెబుతుంది. స్విచ్ పక్కన గోడ మీద తేదీ వేసి "నిండడానికి 25 నిమిషాలు" అని పెన్సిల్‌తో రాయండి. నెలకోసారి చూడండి. సమయం పెరుగుతుంటే సంపు మోటారుకు ఫుట్‌వాల్వ్, జాలీ చూపించండి. బోరు మోటారుకు నీటి మట్టం తగ్గిందేమో, పైపు కీలు వదులైందేమో చూపించాలి.

నీళ్లు వృథా అయితే మోటారూ వృథాగా నడిచినట్టే. ఫ్లష్ ట్యాంకులో కాస్త రంగు నీళ్లు పోసి అరగంట ఆగండి. ఫ్లష్ చేయకుండానే కమోడ్‌లో రంగు కనిపిస్తే వాషర్ లీకవుతోంది.

మోటారు, గీజరు, ఇస్త్రీ పెట్టె, ఏసీ ఒకే సమయంలో వేయకుండా చూసుకోండి. యూనిట్లు దీనివల్ల తగ్గవు గానీ, బిల్లు మీది ఎం.డి. మీ మంజూరైన లోడు దాటితే అదనపు లోడుకు డబ్బు కట్టమని నోటీసు వస్తుంది.

## 10. పైఅంతస్తు వాళ్లకు: మేడకు సున్నం

పైకప్పు పగలంతా ఎండ తాగి రాత్రంతా గదిలోకి దించుతుంది. రాత్రి పదకొండుకు కూడా సీలింగ్ తాకితే గోరువెచ్చగా ఉంటోందంటే ఏసీ పోరాడుతున్నది ఆ శ్లాబుతోనే. తెల్ల పూత పూస్తే ఎండలో చాలా భాగం వెనక్కి పోతుంది. 2023లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది కూడా ఇందుకే.

కూల్ రూఫ్ పెయింట్ ఎక్కువ కాలం ఉంటుంది, ఖర్చూ ఎక్కువే. సున్నం చవక, ఏటా వేయాలి. సున్నం వేసే పద్ధతి:

1. ఫిబ్రవరి చివర, మార్చి మొదట్లో మేడను చీపురుతో గట్టిగా రుద్ది కడిగి ఆరనివ్వండి. నాచు ఉంటే పూత నిలవదు. పగుళ్లుంటే ముందు పూడ్పించండి.
2. సున్నాన్ని ఇనుప డ్రమ్ములో ముందు రోజే నానబెట్టండి. రాయి సున్నం నీళ్లు తగలగానే కుతకుత ఉడుకుతుంది. నీళ్లలో సున్నం కొద్దికొద్దిగా వేయాలి. కళ్లద్దాలు, గ్లవ్స్ తప్పనిసరి, పిల్లల్ని మేడ మీదికి రానివ్వొద్దు.
3. మర్నాడు గుడ్డతో వడకట్టి, అంటుకోవడానికి పెయింట్ షాపులో దొరికే జిగురు కలపండి.
4. నేలను కాస్త తడిపి పొద్దున్నే మొదటి పూత వేయండి. మిట్టమధ్యాహ్నం వేస్తే ఆరీ ఆరకముందే పొడిపొడిగా లేస్తుంది. ఆరాక రెండో పూత అడ్డంగా వేయండి.

పూసిన మేడ మీద వడియాలు, బట్టల మధ్య రోజూ తిరిగితే నెలకే మాసిపోతుంది. నడిచే దారి ఒకటి వదిలేసి మిగతాది పూసుకోండి. రేకుల ఇంటికి సున్నం కన్నా పెయింటే మేలు, లేదా తాటాకులు పరవడం.

## 11. మిగతావి, క్లుప్తంగా

సెట్‌టాప్ బాక్స్ టీవీ ఆపినా నడుస్తూనే ఉంటుంది. పది వాట్లనుకున్నా నెలకు 7 యూనిట్లు. టీవీతో కలిపి ఒకే స్విచ్ దగ్గర ఆపండి. వైఫై అవసరం కాబట్టి వదిలేయండి.

చోక్ ఉన్న పాత ట్యూబ్‌లైట్ 50 వాట్లు దాటుతుంది, 20 వాట్ల ఎల్‌ఈడీ అదే వెలుగు ఇస్తుంది. వాషింగ్ మెషీన్‌లో వేడి నీళ్ల ప్రోగ్రాం రోజూ వాడొద్దు. ఇస్త్రీ వారానికి రెండుసార్లు మూటగా చేసుకోండి, లేదా వీధి చివర బండికి ఇవ్వండి. మిక్సీ, గ్రైండర్ గురించి బెంగ వద్దు, నడిచేది నిమిషాలే.

ఇన్వర్టర్‌ను మాత్రం మీటరు లైటుతో పరీక్షించండి. కరెంటు పోయి వచ్చి రోజు దాటినా, అన్నీ ఆపి అదొక్కటే ఉంచితే లైటు గబగబా కొట్టుకుంటుంటే బ్యాటరీ పని అయిపోయింది. డిస్టిల్డ్ వాటర్ మట్టం చూసి, అప్పటికీ అంతే అయితే మార్చండి.

## 12. డబ్బు పోగొట్టుకోవద్దు

ప్లగ్‌లో పెడితే బిల్లు 30, 40 శాతం తగ్గుతుందని అమ్మే "పవర్ సేవర్" డబ్బాలు కొనొద్దు. లోపల ఉండేది ఒక కెపాసిటర్, ఒక లైటు. అది పవర్ ఫ్యాక్టర్‌ను కాస్త మార్చవచ్చేమో. ఇళ్లకు బిల్లు వేసేది కిలోవాట్ గంటల మీద, అంటే యూనిట్ల మీద, దాంట్లో ఏ తేడా రాదు. మీ దగ్గర ఇప్పటికే ఉంటే పెట్టి, తీసి, మీటరు లైటు లెక్కపెట్టండి.

కొత్త ఏసీ, ఫ్రిజ్ కొనేటప్పుడు స్టార్లు మాత్రమే చూసి రావొద్దు. ప్రమాణాలు కొన్నేళ్లకోసారి గట్టిపడతాయి కాబట్టి పాత లేబుల్ ఐదు స్టార్లు, కొత్త లేబుల్ ఐదు స్టార్లు ఒకటి కావు. లేబుల్ మీది సంవత్సరం, ఏడాదికి యూనిట్లు చదవండి. ఏసీ లేబుల్ ఏడాదికి 1600 గంటల వాడకం మీద లెక్క. మీరు 800 గంటలే వాడితే సగం వేసుకోండి, అప్పుడు ఐదు స్టార్లకు పెట్టే అదనపు డబ్బు ఎన్నాళ్లకు తిరిగొస్తుందో తేలుతుంది. ఏడాదికి రెండు నెలలు మాత్రమే వాడేవాళ్లకు మూడు స్టార్లే లాభం కావొచ్చు.

## 13. సోలార్ ఎప్పుడు

ఇవన్నీ చేసి, రెండు మూడు బిల్లులు చూశాకే. ఒక కిలోవాట్ ప్యానెళ్లు మన ఎండకు రోజుకు దాదాపు 4 యూనిట్లు ఇస్తాయి, నీడ పడని చోటు సుమారు వంద చదరపు అడుగులు కావాలి. నెలకు 360 యూనిట్లు వాడే ఇంటికి 3 కిలోవాట్లు కావాలి. అదే ఇల్లు ఫ్యాన్లు, గీజరు, ఏసీ సంగతి చూసుకుని 240కి దిగితే 2 కిలోవాట్లు చాలు.

2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో రాయితీ 2 కిలోవాట్ల దాకా కిలోవాట్‌కు 30 వేలు, 3 కిలోవాట్లు, ఆపైన మొత్తం 78 వేలు. రాయితీ ఎక్కువ వస్తుందని అవసరం లేని మూడో కిలోవాట్ పెట్టించమని అమ్మేవాళ్లు చెబుతారు. మూడో కిలోవాట్‌కు వచ్చే రాయితీ 18 వేలే, మిగతాది మీ జేబులోంచి. మీ నోటుపుస్తకంలోని నెల యూనిట్లను 120తో భాగించి, ఆ అంకె చేతిలో పెట్టుకుని వాళ్లతో మాట్లాడండి.